మేళం వాళ్ళ పేర్లు

కిందటేడు ఒక రాత్రి ఆఫీసు పని తెమిలేసరికి పన్నెండు దాటింది. రిలీజ్ సజావుగానే వెళ్ళింది కానీ నాకు నిద్ర రాలేదు. ఎప్పుడో ఒక మిత్రుడు పంపిన లింకు తెరిచాను. సెనెగల్ నర్తకి జర్మైన్ అకోన్యీ 2015లో చేసిన సోలో, అందులోంచి కొన్ని భాగాలు. దాని ఫ్రెంచి పేరుని ‘మొదట్లో ఎక్కడో ఒక చోట’ అని తెలుగు చేసుకోవచ్చు. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, నున్నగా గొరిగిన తల, స్టేజీ మీద ఒక్కరే.

అకోన్యీ 1944లో ఇప్పటి బెనిన్‌లో పుట్టారు. తండ్రి ఫ్రెంచి వలస ప్రభుత్వంలో ఉద్యోగి, కాథలిక్ మతంలోకి మారినవాడు. ఆయన తల్లి అలోఫో మాత్రం యోరుబా పూజారిణి. తండ్రి తన తల్లి కథలు పుస్తకంగా రాశాడు. కూతురు ఆ పుస్తకాన్ని వెంటబెట్టుకుని స్టేజీ ఎక్కారు. తండ్రి వదులుకున్న నాయనమ్మను మనవరాలు తన ఒంట్లోకి పిలుచుకోవడమే ఆ నాట్యం. యోరుబాలో ‘ఇయా తుండే’ అంటే ‘అమ్మ తిరిగొచ్చింది’ అని. అకోన్యీ గురించి తీసిన ఒక డాక్యుమెంటరీకి అదే పేరు.

చూస్తున్నంతసేపూ నాకు మా అక్క గుర్తొచ్చింది. అక్క కూచిపూడి చేస్తుంది. బెంగుళూరులో శని, ఆదివారాలు పిల్లలకి నేర్పుతుంది కూడా. ఆవిడ ప్రోగ్రాములకి వ్యాఖ్యానం రాసిపెట్టే పని నాది. నాట్యం రాదు కాబట్టి ఇంట్లో నాకు మిగిలిన ఉద్యోగం అది. ప్రతిసారీ మొదటి పేరా ఒకటే: సిద్ధేంద్ర యోగి, కూచిపూడి అగ్రహారం, గురువులు, గురువుల గురువులు. పదేళ్ళుగా కాపీ, పేస్టు. ఆ రాత్రి మొదటిసారి ఆ పేరా నన్ను ఆపింది. అందులో ఒక్క ఆడమనిషి పేరు కూడా లేదు. మరి స్టేజీ మీద ఒంటరిగా నిలబడి పదం అభినయించే మా అక్కకి నాట్యంలో నాయనమ్మ ఎవరు?

*

మాది పామిడిముక్కల. బందరు రోడ్డు మీద ఉయ్యూరు దాటాక, పామర్రు రాకముందు వస్తుంది. కాలవ, లాకులు, వరిచేలు, చెరుకు బళ్ళు. పామర్రులో దిగి చల్లపల్లి వెళ్ళే బస్సెక్కితే కూచిపూడి. దాని పక్కనే మొవ్వ. పదకర్త క్షేత్రయ్య పేరుతో ముడిపడ్డ ఊరు, ఆయన ముద్రలోని మువ్వగోపాలుడి ఊరు. అంత దగ్గరవాళ్ళం కాబట్టి మా వైపు ఇళ్ళల్లో కూచిపూడి అంటే ‘మనది’ అనేస్తాం. ఎవరిది, ఎప్పటినుంచి అని ఎవరూ అడగరు.

ఊరు చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. సిద్ధేంద్ర యోగి భామాకలాపం రాశాడు. అగ్రహారంలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడు. గోల్కొండ నవాబు తానీషా ఆ ఆట చూసి మెచ్చి ఊరిని అగ్రహారంగా ఇచ్చాడు. ఇందులో చరిత్ర ఎంత, ఐతిహ్యం ఎంత అనే తగువు పక్కన పెట్టినా ఒక సంగతి స్పష్టం. ఆ ఊళ్ళో ఆట మేళానిది. పది పదిహేనుమంది మగవాళ్ళు, తరతరాలుగా అవే ఇంటిపేర్లు, తెల్లవార్లూ సాగే భాగవతం. వెంపటి, వేదాంతం, చింతా, భాగవతుల, పసుమర్తి. ఆడవేషాలూ వాళ్ళవే. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) సత్యభామగా జడ పట్టుకుని తెరముందుకి వస్తే ఆడవాళ్ళే నేర్చుకోవాలి అని మా ఊరి పెద్దలు ఇప్పటికీ అంటారు.

ఆ ఇళ్ళ ఆడపిల్లలు మాత్రం గజ్జె కట్టలేదు. పాటలు విన్నారు, అడుగులు చూశారు, తెల్లవారి ఇంటికొచ్చిన భాగవతులకి వండిపెట్టారు. హర్షిత మృత్యుంజయ కామత్... అని నా చేతికి అలవాటుగా తప్పు పేరు వచ్చేస్తుంది, ఆవిడ పేరు హర్షిత మృతింటి కామత్. 2019లో వచ్చిన ‘ఇంపర్సొనేషన్స్’ అనే పుస్తకంలో ఈ ఊరి మగవాళ్ళ ఆడవేషం గురించి రాస్తూ, ఆ ఇళ్ళ ఆడవాళ్ళ మౌనం గురించి కూడా రాశారు. 

ఇలా చూస్తే, ఒక్క ఆడమనిషి గంటన్నరపాటు స్టేజీని ఏలే ఇవాళ్టి కూచిపూడి సోలో ఆ ఊరి ఆటలోంచి తిన్నగా పుట్టే వీలు లేదు. ఎక్కడినుంచో రావాలి.

*

సోలో వచ్చిన దారి గురించి పుస్తకాలు చెప్పేది ఇదీ. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి (1886-1956) మేళం నుంచి విడిగా ఏకపాత్ర నాట్యాన్ని తీర్చి, ఆడవాళ్ళకి నేర్పడం మొదలుపెట్టారు. ఆయన శిష్యుడు కోరాడ నరసింహారావు దగ్గర ఇంద్రాణీ రెహమాన్ నేర్చుకుని ఈ నాట్యాన్ని దేశదేశాలు తిప్పారు. 1958లో ఢిల్లీలో సంగీత నాటక అకాడమీ నాట్య సదస్సు, 1959లో హైదరాబాదులో కూచిపూడి మీదే ఇంకో సదస్సు. ఇది నాటకమా, నాట్యమా, శాస్త్రీయమా, కాదా అని పెద్ద చర్చ. 1963లో వెంపటి చినసత్యం మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. మా అక్క తరానికి అందిన అడుగు, నడక, నగల దగ్గర్నుంచి చాలావరకు ఆ అకాడమీ తీర్చినవే.

శాస్త్రీయం అనిపించుకోవాలంటే ఒక్క మనిషి చెయ్యగల కచేరీ కావాలి. కచేరీకి అంశాలు కావాలి. తరంగం ఉంది, పళ్ళెం మీద నిలబడి చేసేది. భామాకలాపంలోంచి ప్రవేశ దరువు తీసుకోవచ్చు. మరి పదాలు, జావళీలు? ఒక నాయిక కూర్చున్నచోటే కూర్చుని ఒకే పల్లవిని పదిరకాలుగా అభినయించే విద్య? అది రాత్రంతా వీధిలో ఆడే భాగవతుల ఆటకి గుండెకాయ కాదు. దానికి వేరే ఇల్లు ఉంది. మా జిల్లాలోనే ఉంది, గోదావరి జిల్లాల్లో ఇంకా ఎక్కువగా ఉంది. కళావంతుల ఇల్లు.

వాళ్ళకి మూడు చోట్ల ఆట. గుడిలో సేవ, జమీందారుల కొలువులో కచేరీ, పెళ్ళిళ్ళలో మేజువాణి. నర్తకి తనే పాడుతూ అభినయం పట్టేది. వెనక ఎవరో పాడితే ముందు ఈవిడ పెదవి కదిపే పద్ధతి కాదు. పల్లవి ఒక్కటే ఉంటుంది. మొదటిసారి కోపంగా, రెండోసారి వెటకారంగా, మూడోసారి ఏడుపు దిగమింగుకుంటూ. ఎన్నిసార్లు తిప్పాలన్నది సభని బట్టి అప్పటికప్పుడు తేల్చుకునేది. మా అక్క ఒకసారి అంది, ‘మాకు పదం అంటే నేర్పిన వరస తప్పకుండా చెయ్యడంరా. వాళ్ళకి పదం అంటే మాట్లాడ్డం’ అని. భామాకలాపం, గొల్లకలాపం కూడా వాళ్ళు ఆడేవాళ్ళు. అంటే కూచిపూడి సొంత ఆస్తి అనుకునేవి సైతం రెండు ఇళ్ళల్లో ఉన్నాయి. ఒక ఇంటికే చరిత్ర రాశాం.

రెండో ఇల్లు మూతబడటానికి తేదీలున్నాయి. కందుకూరి వీరేశలింగం కాలం నుంచీ మేళాల మీద ఉద్యమం నడిచింది. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం చేసింది. ఆడపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడం, వాళ్ళు గుళ్ళో ఆడటం నేరమైపోయింది. పెళ్ళి మేళాలు ఇంకొన్నాళ్ళు మిగిలాయి. 1956లో ఆంధ్రలో చట్టాన్ని సవరించి వాటినీ ఆపేశారు. ఇప్పుడు ఆ తేదీల పక్కన పైన చెప్పినవి పెట్టి చూడండి. 1956లో కళావంతులు పెళ్ళిలో ఆడితే నేరం. 1958లో, 1959లో తెలుగువాళ్ళకి శాస్త్రీయ నాట్యం ఉందని సదస్సులు. 1963లో మద్రాసులో అకాడమీ.

ఎవరో కూర్చుని కుట్ర చేశారని నేననను. సదస్సుల్లో వాదించినవాళ్ళు భరతనాట్యం నీడలో తెలుగు నాట్యం కనపడకుండా పోతుందని నిజంగానే బాధపడ్డవాళ్ళు. కానీ జరిగింది మాత్రం ఇది: ఆడుతున్న ఆడవాళ్ళని ఆపారు, అగ్రహారంలో ఆడనివ్వని ఆడవాళ్ళు ఆడకుండానే ఉండిపోయారు, మూడో రకం ఆడవాళ్ళు, అంటే మా అక్కలాంటి మధ్యతరగతి అమ్మాయిలు, స్టేజీ ఎక్కారు. మూడోవాళ్ళకి మొదటివాళ్ళ విద్య కొంత అందింది. పేర్లు అందలేదు.

*

ఇదంతా పుస్తకాల్లోంచి తెలుసుకుంటున్నప్పుడు ఇది మా ఇంటి కథ కూడా అని నాకు తట్టలేదు. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు తట్టింది.

అక్కకి ఏడేళ్ళప్పుడు గజ్జెలు కొన్నారు. వాటితో ఇల్లంతా తిరుగుతుంటే మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, ఒక మాట అంది. ‘భోగందాన్లా ఏంటే ఆ గజ్జెలు, తియ్యి.’ అక్క తీసేసింది. నాన్న నవ్వేసి, ‘అమ్మా, ఇది కూచిపూడి, అది వేరు’ అన్నాడు. అది వేరు అన్న ఒక్క మాట మీదే అక్క చదువు నడిచింది. మళ్ళీ గజ్జెలు కట్టింది. మా ఇంట్లోనే కాదు, కృష్ణా జిల్లాలో కూచిపూడి నేర్చుకున్న ప్రతి ఆడపిల్ల ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఆ మాట అనే ఉంటారని నా అనుమానం.

మామ్మకి ఇప్పుడు ఎనభై తొమ్మిది. పెళ్ళి 1951లో. చట్టం వచ్చింది కానీ పెళ్ళి మేళం ఇంకా ఆగని రోజులు. అకోన్యీ వీడియో బుర్రలో తిరుగుతుండగా అడిగాను, ‘మామ్మా, నీ పెళ్ళికి మేళం పెట్టారా?’ అని.

‘పెట్టకేం. మా నాన్న పంతం పట్టి బందరు నుంచి పిలిపించాడు. ముగ్గురో నలుగురో వచ్చారు. అందులో ఒకావిడ పెద్దావిడ. లేచి ఆళ్ళందరితో ఆడలేదు. కూచుని పాడతా అట్టా చూసేది.’

మామ్మ ఆ ‘అట్టా’ చేసి చూపించింది. మంచం మీద కూర్చునే, గడ్డం కింద వేలు పెట్టుకుని, కళ్ళు వాకిలి వైపు తిప్పి, మళ్ళీ వెనక్కి తెచ్చుకుంది. రెండు క్షణాలు. గజ్జెలు తియ్యమన్న మామ్మే. డెబ్బై ఏళ్ళకి పైగా ఆ చూపు ఆవిడ ఒంట్లో ఎక్కడ దాక్కుందో నాకు తెలీదు.

‘ఆవిడ పేరేంటి మామ్మా?’

‘పేరా? పేరెవరడుగుతార్రా. మేళం వాళ్ళు.’

తర్వాత మామ్మ మామూలుగా వంట గురించి చెప్పింది. ఎన్ని పుట్ల బియ్యం, ఎన్ని బళ్ళు, బూరెలు వండిన వంటవాడి పేరు, ఆయన ఊరు. వంటవాడి పేరు గుర్తుంది.

*

ఆఫ్రికా సోలోల దగ్గరికి మళ్ళీ వస్తాను. అకోన్యీ ఒక్కరే కాదు. దక్షిణాఫ్రికా నర్తకుడు విన్సెంట్ మాంత్సో సొవెటోలో పుట్టారు. వాళ్ళింట్లో ఆడవాళ్ళు సంగోమాలు, అంటే పూర్వీకులతో మాట్లాడి రోగాలు నయం చేసే వైద్యులు. ఆ ఇంటి తాళం, ఆ పూనకం ఆయన ఆధునిక నాట్యంలోకి వచ్చాయి. అదే దేశానికి చెందిన గ్రెగొరీ మాకోమా ‘ఎగ్జిట్/ఎగ్జిస్ట్’ అనే సోలోలో తన పూర్వీకుడైన షోసా నాయకుడి కథ చెప్పారు. ఆ నాయకుడు బ్రిటిష్ వాళ్ళతో పోరాడి 1873లో రాబెన్ ఐలండ్ చెరలో చనిపోయాడు. వీళ్ళందరూ ఒంటరిగా ఆడతారు కానీ ఒంటరిగా స్టేజీ ఎక్కరు. పేరుపెట్టి ఒకరిని వెంట తెచ్చుకుంటారు. ఈ నాట్యాల గురించి రాసేవాళ్ళు తరచుగా ‘మాన్పు’ అనే అర్థం వచ్చే మాట వాడతారు. మొదట్లో నాకది కాస్త బరువైన మాటగా తోచింది. గాయం ఏదో, ఎవరిదో చెప్పకుండా మాన్పు అంటే నమ్మబుద్ధి కాదు. కానీ వీళ్ళు గాయం ఎవరిదో చెప్తున్నారు. అలోఫో అని చెప్తున్నారు.

మనకీ వాళ్ళకీ పోలిక ఒక చోట ఆగుతుంది. అక్కడ మిషనరీలు, వలస అధికారులు నాట్యాన్ని సైతాను పని అన్నారు. ఇక్కడ ఆపమన్నవాళ్ళలో మనవాళ్ళే ఎక్కువ, వాళ్ళ కారణాలన్నీ తప్పు కావు. పదేళ్ళు నిండని పిల్లని గుడికిచ్చి ఆమె బతుకు ఎవరో నిర్ణయించడం కళ కాదు. కళావంతుల కుటుంబంలో పుట్టిన యామినీ పూర్ణతిలకం లాంటివాళ్ళు సంస్కరణ వైపే నిలబడ్డారు. చట్టం వద్దని అర్జీలు పెట్టుకున్నవాళ్ళూ అదే సమూహంలో ఉన్నారు. ఆ వ్యవస్థ పోవడం మంచిదే అంటూనే, దానితోపాటు ఆ ఆడవాళ్ళ జీవనాధారాన్నీ, విద్యనీ, గౌరవాన్నీ ఒకే గుంటలో పూడ్చాం అని చెప్పొచ్చు. ఈ రెండు మాటల్లో ఒకటే అంటే అబద్ధమవుతుంది. 

పూడ్చినదాన్ని తవ్వే ప్రయత్నాలు జరిగాయి. నటరాజ రామకృష్ణ (1923-2011) గోదావరి జిల్లాల్లో మిగిలిన పెద్ద నర్తకుల్ని వెతికి, హైదరాబాదు పిలిపించి, వాళ్ళ విద్యకి ఆంధ్రనాట్యం అని పేరుపెట్టి నిలబెట్టారు. స్వప్నసుందరి వాళ్ళ దగ్గర నేర్చుకున్నది విలాసినీ నాట్యం అయింది. సరిదె మాణిక్యమ్మ, అన్నాబత్తుల బులివెంకటరత్నమ్మ లాంటి పేర్లు మనకి ఈ ప్రయత్నాల వల్లే మిగిలాయి. డావేశ్ సొనేజీ 2012లో తెచ్చిన ‘అన్‌ఫినిష్డ్ జెస్చర్స్’ ఇంకో మాట చెప్తుంది. స్టేజీలు పోయాక కూడా కొందరు కళావంతులు ఇళ్ళల్లో, తలుపులేసుకుని, తమలో తాము పదాలు పాడుకున్నారు, అభినయించుకున్నారు. చూసేవాళ్ళు లేరు. తామెవరో తమకి గుర్తుండటానికి ఆడుకున్న ఆట అది. ఆఫ్రికా సోలోల్లో పూర్వీకులని వెతుక్కోవడం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ తలుపులు గుర్తొస్తున్నాయి. మన దగ్గర ఆ పని స్టేజీ మీద కంటే ముందు ఆ గదుల్లో జరిగింది.

ఇంకో చిక్కుంది. విద్య తిరిగొచ్చింది సరే, ఎవరి ఒంట్లోకి? నేర్చుకున్నవాళ్ళకి అవార్డులు వచ్చాయి. నేర్పినవాళ్ళ మనవరాళ్ళు చాలామంది ఆ పేరు చెప్పుకోవడానికి జంకి వేరే చదువుల్లోకి, వేరే ఊళ్ళకి వెళ్ళిపోయారు. అకోన్యీ తన నాయనమ్మ పేరు చెప్తే వెనిస్ బియెన్నాలే 2021లో గోల్డెన్ లయన్ ఇచ్చింది. కృష్ణా జిల్లాలో ఒక అమ్మాయి ‘మా నాయనమ్మ మేళంలో ఆడేది’ అంటే సంబంధం తప్పిపోతుంది. మా మామ్మ వాడిన ఆ మాట తిట్టుగా ఉన్నన్నాళ్ళూ ఆ అమ్మాయిని ముందుకొచ్చి పేరు చెప్పమని అడిగే హక్కు నాకు లేదు. చెప్పాల్సిన బాధ్యత ముందు మా వైపు ఉంది. పిలిపించి, ఆడించి, పేరడగనివాళ్ళ వైపు.

2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా కూచిపూడి నర్తకులు ఒకేసారి ఆడి గిన్నిస్ రికార్డు సాధించారు. ఊరికి గొప్పే, కాదనను. ఆ వార్త అప్పుడు అందరికీ ఫార్వర్డ్ చేసినవాణ్ణి నేను. ఇప్పుడనిపిస్తోంది, అన్ని వేలమంది అభినయం వెనక ఉన్న ఒక పెద్దావిడ, కూచుని పాడుతూ అట్టా చూసిన మనిషి, ఎవరి లెక్కలోనూ లేదని.

*

గత నెల అక్క ప్రోగ్రాముకి మళ్ళీ వ్యాఖ్యానం రాశాను. క్షేత్రయ్య పదం ముందు చదవాల్సిన పేరాలో రెండు వాక్యాలు చేర్చాను. ‘ఈ పదాభినయ విద్యను తరతరాలుగా కాపాడినవారు కళావంతులు. 1956 తరువాత వాళ్ళను పెళ్ళిళ్ళలో కూడా ఆడనివ్వలేదు.’

అక్క ఫోన్ చేసింది. ‘ఒరేయ్, పిల్లల తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుంటారు. కళావంతులంటే ఎవరని పిల్లలు అడిగితే ఏం చెప్పుకుంటారు?’

‘నువ్వు చెప్పు అక్కా. టీచరువి నువ్వే కదా.’

కాసేపు మాట్లాడలేదు. ‘ఆ రోజు మామ్మ గజ్జెలు తియ్యమన్నప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదురా. నేనేదో పాడు పని చేశాననుకున్నా’ అంది. రెండో వాక్యం ఉంచాలా తీసెయ్యాలా అన్నది మర్నాటిదాకా తేల్చలేదు.

మర్నాడు ఫైలు తిరిగొచ్చింది. రెండు వాక్యాలూ ఉన్నాయి. వాటి కింద అక్క ఇంకొకటి చేర్చింది: ‘1951లో పామిడిముక్కలలో మా మామ్మ పెళ్ళికి బందరు నుంచి వచ్చి కూర్చుని అభినయం పట్టిన పెద్దావిడకి ఈ పదం.’ పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలింది. చదివేవాళ్ళు అక్కడ ఒక్క క్షణం ఆగాలని పక్కన బ్రాకెట్లో రాసింది.